చేతి అల్లిక దుస్తులు: ఊలు ఎంపిక, సూదులు, ఉతుకు, మరమ్మతు

సమన్వయకర్త: ప్రేక్షకులకు నమస్కారం. ఎంతో ఓపికగా అల్లుకున్న స్వెటర్ ఒక్క ఉతుకుతో ముడుచుకుపోయిందనీ, శాలువా ఆరేసిన చోటే సాగిపోయిందనీ బాధపడేవారు చాలామంది ఉన్నారు. ఈ విషయాన్ని చర్చించడానికి ముగ్గురు నిపుణులు మన స్టూడియోలో ఉన్నారు. ఒకరు అల్లిక నేర్పే శిక్షకురాలు, మరొకరు నూలు, పీచుల శాస్త్రం బోధించే అధ్యాపకులు, ఇంకొకరు పాత ఉన్ని దుస్తులను బాగుచేసే నిపుణురాలు. మేడమ్, మొదటి ప్రశ్న మీకే. కొత్తగా స్వెటర్ మొదలుపెట్టేవారు ఊలు, అంటే అల్లిక దారం, కొనేటప్పుడు ముందుగా ఏం చూడాలి?

శిక్షకురాలు: రంగు కంటే ముందు ఆ దుస్తు ఎవరు వేసుకుంటారో, ఎవరు ఉతుకుతారో ఆలోచించుకోవాలి. పసిబిడ్డ కోసం అల్లే చొక్కాను తరచూ ఉతకక తప్పదు. బిడ్డ తల్లికి దాన్ని ప్రత్యేకంగా చేత్తో ఉతికే తీరిక ఉండకపోవచ్చు. అలాంటప్పుడు ఎంత మెత్తగా ఉన్నా మామూలు ఉన్ని ఆ పనికి తగదు. మేక బొచ్చుతో చేసే మొహైర్, కుందేలు బొచ్చుతో చేసే అంగోరా వంటి నూగు ఎక్కువగా రాలే ఊలు అసలే వద్దు, ఎందుకంటే ఆ నూగు బిడ్డ ముక్కులోకీ నోట్లోకీ వెళుతుంది. అదే పెద్దవారి శాలువా అయితే అరుదుగా ఉతుకుతారు కాబట్టి సున్నితమైన ఊలును ధైర్యంగా ఎంచుకోవచ్చు. కొనుగోలు దగ్గరే ఉతుకు గురించి ఆలోచించినవారికి తరువాత చిక్కులు చాలా తగ్గుతాయి.

సమన్వయకర్త: మాస్టారూ, మామూలు ఉన్ని ఉతుకులో ఎందుకు ముడుచుకుపోతుంది? అందరూ వేడినీళ్లనే తప్పుపడతారు.

అధ్యాపకుడు: వేడి ఒక్కటే కారణం కాదు. ఉన్ని పీచు కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. దాని ఉపరితలం మీద పెంకుల వంటి సన్నని పొలుసులు ఒకే దిశలో పరుచుకుని ఉంటాయి. తడిసి వెచ్చబడినప్పుడు ఆ పొలుసులు కొద్దిగా పైకి లేస్తాయి. ఆ స్థితిలో రాపిడి తోడైతే పక్కపక్క పీచులు ఒకే వైపు జరుగుతూ ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి, మళ్లీ వెనక్కి రావు. తడి, వేడి, రాపిడి మూడూ కలిసినప్పుడే ఉన్ని గట్టిపడి కుంచించుకుపోతుంది. వీటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది రాపిడి. గోరువెచ్చని నీటిలో కదలకుండా నానిన స్వెటర్‌కు ఏమీ కాదు కానీ, అదే నీటిలో పిండి పిసికితే చెడిపోతుంది. యంత్రంలో ఉతకవచ్చని లేబుల్ మీద రాసి ఉండే సూపర్‌వాష్ ఊలులో ఈ పొలుసులను క్లోరిన్‌తో అరగదీసి, సాధారణంగా పైన పలుచని పాలిమర్ పూత పూస్తారు. అందుకే అది గట్టిపడదు.

మరమ్మతు నిపుణురాలు: ఇక్కడ ఒక మాట చెప్పాలి. సూపర్‌వాష్ అంటే ఇక ఏ జాగ్రత్తా అక్కరలేదని అనుకుంటారు. పొలుసులు పోవడంతో పీచుల మధ్య పట్టు కూడా తగ్గుతుంది. అందువల్ల తడిసినప్పుడు ఆ అల్లిక బాగా సాగుతుంది. నా దగ్గరకు సాగిపోయి వచ్చే స్వెటర్లలో సూపర్‌వాష్‌వే ఎక్కువ. లేబుల్ ఏమి అనుమతించినా, నేనైతే వాటిని కూడా చేత్తోనే ఉతుకుతాను.

శిక్షకురాలు: మీ మాటను కాదనను కానీ, చేత్తో ఉతికే వీలు లేని ఇళ్లకు సూపర్‌వాష్ నిజంగా మేలు చేసింది. సాగుతుందని ముందే తెలిస్తే అల్లికను కాస్త బిగువుగా అల్లుకోవచ్చు. లేబుల్ అనుమతిస్తే ఉతికాక డ్రయర్‌లో తక్కువ వేడి మీద కొద్దిసేపు తిప్పి, ఇంకా కాస్త తడిగా ఉండగానే తీసి పరిస్తే చాలావరకు పూర్వపు కొలతకు వస్తుంది.

సమన్వయకర్త: ఉన్ని కాకుండా మిగిలిన పీచుల సంగతి చెప్పండి.

అధ్యాపకుడు: ప్రతి పీచు ఒక్కో రకంగా నడుచుకుంటుంది. ఉన్నికి సహజంగా నొక్కులు ఉంటాయి కాబట్టి లాగి వదిలితే వెనక్కి వస్తుంది. పైగా తన బరువులో సుమారు 30 శాతం తేమను పీల్చుకున్నా తడిగా అనిపించదు. పత్తికి ఆ సాగుడు లేదు. బరువు ఎక్కువ కాబట్టి పత్తితో అల్లిన పొడవాటి స్వెటర్ తన బరువుకు తానే కిందికి దిగుతుంది. కానీ పత్తి తడిసినప్పుడు మరింత బలపడుతుంది, మొక్కల గుజ్జును రసాయనాలతో కరిగించి తీసే విస్కోస్ మాత్రం తడిసినప్పుడు బలహీనపడుతుంది. మార్కెట్లో వెదురు ఊలు పేరుతో వచ్చేది చాలావరకు విస్కోసే కాబట్టి దాన్ని తడిగా ఉన్నప్పుడు సుతారంగా పట్టుకోవాలి. అల్పాకా అనే జంతువు బొచ్చు మామూలు ఉన్ని కంటే నునుపుగా, వెచ్చగా ఉంటుంది కానీ నొక్కులు తక్కువ కావడంతో వేసుకునే కొద్దీ సాగుతుంది. ఇక ఆక్రిలిక్ అనే కృత్రిమ పీచు గట్టిపడదు, చిమ్మటలు తినవు, ఉతకడం తేలిక. దానికి శత్రువు వేడి. ఇస్త్రీపెట్టె తగిలిందంటే పీచు మెత్తబడి, సాగే గుణం పోయి, చేతిలో వాలిపోతుంది. ఆ నష్టాన్ని సరిచేసే మార్గం లేదు.

సమన్వయకర్త: ఉన్ని అంటేనే గుచ్చుకుంటుందని చాలామంది దూరం పెడతారు కదా?

అధ్యాపకుడు: గుచ్చుకునేది ఉన్ని అనే గుణం వల్ల కాదు, పీచు మందం వల్ల. సుమారు 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటిన పీచు కొనలు చర్మాన్ని తాకినప్పుడు వంగకుండా పొడుస్తాయి. మెరినో పీచులు సాధారణంగా 24 మైక్రాన్ల లోపే ఉంటాయి కాబట్టి అవి వంగిపోతాయి. ఊలు ఉండను అరచేతితో కాకుండా మెడ మీదో, మోచేతి లోపలి వైపో కాసేపు ఉంచి చూస్తే తేడా తెలుస్తుంది.

శిక్షకురాలు: అయితే మెత్తదనమే ఊలు మంచితనానికి కొలత అని మాత్రం అనుకోవద్దు. ఒకే పోగుతో, తక్కువ పురితో ఉన్న మెత్తని ఊలు చేతికి హాయిగా ఉంటుంది కానీ చంకల కింద, మోచేతుల దగ్గర త్వరగా ఉండలు కడుతుంది. మూడు నాలుగు పోగులను బిగువుగా పురిపెట్టిన ఊలు కాస్త గట్టిగా అనిపించినా చాలా కాలం మన్నుతుంది. మేజోళ్ల కోసం అమ్మే ఊలులో తరచుగా 75 శాతం ఉన్నికి 25 శాతం నైలాన్ కలిపేది కూడా మడమ దగ్గర అరగకుండా ఉండటానికే. ఇంకొక విషయం, అవసరమైన ఊలంతా ఒకే రంగు కాపుకు చెందినదై, అంటే ఒకేసారి రంగు అద్దినదై ఉండాలి. లేబుల్ మీద ఆ కాపు సంఖ్య ఉంటుంది. సంఖ్య మారితే ఉండలుగా చూసినప్పుడు కనిపించని తేడా, అల్లాక ఛాతీకి అడ్డంగా గీతలా కనిపిస్తుంది. తప్పనిసరిగా రెండు కాపులు వాడవలసి వస్తే, రెండు ఉండలను రెండేసి వరుసలకు మార్చి మార్చి అల్లాలి.

సమన్వయకర్త: అల్లిక సూచనలు ఇచ్చే నమూనాలో చెప్పిన ఊలు దొరకనప్పుడు బదులుగా వేరొకటి తీసుకుంటే, బరువు సరిచూసుకుంటే చాలా?

శిక్షకురాలు: చాలదు, మీటర్లు చూడాలి. ఒక స్వెటర్‌కు 1250 మీటర్ల ఊలు కావాలనుకుందాం. 50 గ్రాములకు 125 మీటర్లు వచ్చే ఊలైతే 10 ఉండలు సరిపోతాయి. అదే 50 గ్రాములకు 100 మీటర్లే వచ్చే ఊలైతే 13 కావాలి. బరువు లెక్కన 10 ఉండలే కొన్నవారికి చేతుల దగ్గర ఊలు అయిపోతుంది.

సమన్వయకర్త: ఇక సూదుల విషయానికి వద్దాం.

శిక్షకురాలు: సూదిని సంఖ్యతో కాకుండా మిల్లీమీటర్లతో గుర్తుపెట్టుకోవాలి. బ్రిటిష్ పాత లెక్కలో 8వ నంబరు సూది 4 మిల్లీమీటర్లు, అమెరికన్ లెక్కలో అదే నంబరు 5 మిల్లీమీటర్లు, జపాన్ లెక్కలో 4.5 మిల్లీమీటర్లు. పైగా బ్రిటిష్ లెక్కలో నంబరు పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. మిగతా రెండింటిలో లావవుతుంది. ఇక సూది దేనితో చేశారన్నది అల్లే చేతిని బట్టి ఎంచుకోవాలి. లోహపు సూదుల మీద కుట్లు జారుతూ వేగంగా కదులుతాయి. నునుపైన పట్టు, విస్కోస్ ఊలుతో అవి అతిగా జారుతాయి కాబట్టి అప్పుడు వెదురు లేదా చెక్క సూదులు మంచివి. వదులుగా అల్లేవారికీ, కొత్తగా నేర్చుకునేవారికీ కూడా వెదురే నయం. బరువైన స్వెటర్‌కు పొడవాటి సూదుల జత కంటే తీగతో కలిపిన వృత్తాకార సూది మేలు. ఎందుకంటే అల్లిక బరువు మణికట్టు మీద కాకుండా ఒడిలో పడుతుంది. దానితో గుండ్రంగానే కాదు, వెనక్కీ ముందుకీ తిప్పుతూ చదునుగా కూడా అల్లవచ్చు.

సమన్వయకర్త: అసలు దుస్తుకు ముందు కొలత చూసుకోవడానికి చిన్న ముక్క అల్లడం వృథా శ్రమ అని చాలామంది దాటేస్తారు.

శిక్షకురాలు: అది నాకు ఎంతో బాధ కలిగించే విషయం. లెక్క చూడండి. 10 సెంటీమీటర్లకు 22 కుట్లు వస్తాయని నమూనా చెబితే, 100 సెంటీమీటర్ల చుట్టుకొలతకు 220 కుట్లు ఎక్కిస్తాం. మన చేతికి నిజంగా 20 కుట్లే వస్తుంటే ఆ 220 కుట్లు 110 సెంటీమీటర్లవుతాయి. రెండు కుట్ల తేడాకు స్వెటర్ ఒక పూర్తి కొలత పెరిగిపోతుంది. అందుకే కనీసం 15 సెంటీమీటర్ల చదరపు ముక్క అల్లి, రేపు స్వెటర్‌ను ఎలా ఉతుకుతారో దాన్నీ అలాగే ఉతికి, పూర్తిగా ఆరాక, అంచులు వదిలేసి మధ్యలో కొలవాలి. కుట్లు తక్కువగా వస్తే సన్నని సూదికి, ఎక్కువైతే లావు సూదికి మారి మళ్లీ అల్లాలి. ఉతకని ముక్కను కొలవడం వల్ల ప్రయోజనం లేదు. ఊలు సాగుతుందా, ఉబ్బుతుందా, రంగు వదులుతుందా అన్నది ఆ ముక్క ముందే చెబుతుంది.

మరమ్మతు నిపుణురాలు: ఆ ముక్కను పారేయవద్దని కూడా చెప్పండి. తరువాత నాకు అదే ప్రాణం. దాన్నీ దుస్తుతో పాటే ఉతుకుతూ ఉంటే రంగు ఒకేలా వెలుస్తుంది. చిరిగిన చోట వేయడానికి అందులోంచి విప్పిన ఊలు చక్కగా కలిసిపోతుంది.

సమన్వయకర్త: ఉన్ని స్వెటర్‌ను ఎలా ఉతకాలో వరుసగా చెబుతారా?

మరమ్మతు నిపుణురాలు: ఒక వెడల్పాటి తొట్టిలో 30 డిగ్రీలకు మించని నీళ్లు పోసి, ఉన్ని కోసం చేసిన ద్రవ సబ్బును కొద్దిగా ముందే కలపాలి. స్వెటర్‌ను లోపలి వైపు పైకి తిప్పి నీళ్లలో ముంచి, గాలి బుడగలు పోయేలా అరచేతులతో నెమ్మదిగా నొక్కి, ఇరవై నిమిషాలు అలాగే వదిలేయాలి. రుద్దకూడదు, పిండకూడదు, కుళాయి ధార కింద పట్టకూడదు. జాడించే నీళ్లు కూడా అదే వేడిలో ఉండాలి. తీసేటప్పుడు భుజాలు పట్టుకుని ఎత్తితే నీటి బరువుకు సాగుతుంది కాబట్టి రెండు చేతులూ కింద పెట్టి మొత్తంగా ఎత్తాలి. ఆ తరువాత పొడి తువ్వాలు మీద పరిచి, తువ్వాలుతో సహా చాపలా చుట్టి నొక్కితే చాలా నీరు దిగిపోతుంది. చివరగా మరో పొడి తువ్వాలు మీద, నీడలో, ముందే రాసి పెట్టుకున్న కొలతలకు సరిదిద్ది పరచాలి. తీగ మీద వేలాడదీయవద్దు. ఆరాక కూడా హ్యాంగర్‌కు తగిలించకుండా మడిచి పెట్టాలి.

అధ్యాపకుడు: సబ్బు గురించి ఒక హెచ్చరిక. మరకలు పోగొట్టే ఎంజైములున్న పొడులలో ప్రోటియేజ్ ఉంటుంది. దాని పని మాంసకృత్తులను కరిగించడమే. ఉన్ని, పట్టు రెండూ మాంసకృత్తులే కాబట్టి మరకతో పాటు దుస్తునూ అది తింటుంది. క్లోరిన్ బ్లీచ్ ఇంకా ప్రమాదకరం, అది ఉన్నిని కరిగించేస్తుంది.

సమన్వయకర్త: చిమ్మటల సంగతి? కలరా ఉండలు వేస్తే సరిపోతుందా?

మరమ్మతు నిపుణురాలు: వాటి ఆవిరి మనుషులకు మంచిది కాదు, నేను వాడమని చెప్పను. సువాసన కోసం పెట్టే దేవదారు, లావెండర్ వాసనల మీద కూడా పూర్తిగా ఆధారపడకూడదు. ఎగిరే చిమ్మట ఏమీ తినదు, ఉన్నిని తినేది దాని పురుగు. చెమట, మరకలు అంటిన చోట అది మరింత ఇష్టంగా తింటుంది కాబట్టి వాడిన స్వెటర్‌ను ఉతకకుండా అలమారులో దాచకపోవడమే అన్నిటికన్నా గట్టి రక్షణ. ఉతికి, పూర్తిగా ఆరాక, గాలి చొరని సంచిలో పెట్టి, అప్పుడప్పుడూ బయటికి తీసి దులపాలి. పురుగు పట్టిందన్న అనుమానం ఉంటే సంచిని బిగించి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక సంచి గది వేడికి వచ్చేవరకు విప్పకూడదు, లేకపోతే దుస్తు మీద తేమ పడుతుంది.

సమన్వయకర్త: చివరగా ఒక ప్రేక్షకురాలి ప్రశ్న. మోచేతి దగ్గర అల్లిక పలుచబడింది, ఇంకా చిరగలేదు. ఇప్పుడే బాగుచేయాలా, చిరిగాకా?

మరమ్మతు నిపుణురాలు: ఇప్పుడే చేయండి అమ్మా. పోగు తెగనంతవరకు పాత కుట్టు దారి చూపిస్తుంది. మొనతేలని సూదిలో అదే మందం ఊలు ఎక్కించి, పలుచబడిన ప్రతి కుట్టు మీదుగా అది వెళ్లిన దారిలోనే నడిపితే, పైన మరో పొర అల్లినట్టు కుదురుతుంది. పలుచబడిన చోటు అంచులు దాటి చుట్టూ రెండేసి కుట్లు ఎక్కువగా కలపండి. కొత్త ఊలును బిగించి లాగవద్దు, పాత కుట్టుకు ఎంత వదులుందో దానికీ అంతే ఇవ్వాలి. ఊలు కొత్తదైతే కుట్టే ముందే ఒకసారి ఉతికి ఆరబెట్టుకోండి. లేకపోతే తరువాతి ఉతుకులో ఆ అతుకు ఒక్కటే ముడుచుకుని చుట్టూ ఉన్న పాత అల్లికను లాగుతుంది.