మావయ్య కవరులో కాగితాలు

నమస్కారమండీ. పోయిన సంక్రాంతికి అమలాపురం దగ్గర మా మేనమావయ్య ఇంటికి వెళ్లాను. భోజనాలయ్యాక ఆయన ఓ ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ఒళ్లో పెట్టారు. స్కానింగు, రక్తపరీక్షల కాగితాలు. "ఫ్యాటీ లివరంటరా, గ్రేడ్ వన్నే. అయినా నేను చుక్క ముట్టనోణ్ణి, నా లివర్‌కేం?" అన్నారు.

మావయ్యకి 56 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగరు, కాస్త పొట్ట. మందు తాగకపోయినా షుగరు, లావు ఉన్నవాళ్ల లివర్లో కొవ్వు చేరుతుంది. కొందరిలో అది మెల్లగా మచ్చకడుతుంది, అంటే లివర్ గట్టిపడుతుంది. స్కానింగులో గ్రేడ్ అంటే కొవ్వు ఎంతుందో చెప్పే మాట. మచ్చ ఎంతుందో అది చెప్పదు. మళ్లీ చెబుతున్నాను, గ్రేడ్ వన్ అంటే మచ్చ లేదని కాదు. మచ్చ సంగతి అంచనా వేయడానికి వయసు, రక్తపరీక్ష అంకెలతో వేసే లెక్క ఒకటుంది, పేరు ఫిబ్-4.

మన పంట కాలవలో పూడిక చూస్తుంటాం కదా. పైకి నీళ్లు పారుతూనే ఉంటాయి, ఎగువన మాత్రం మట్టం పెరుగుతుంది. మచ్చ ముదిరిన లివర్లోనూ అంతే. రక్తం వెనక్కి ఎగదన్ని ప్లీహం ఉబ్బుతుంది, ప్లేట్‌లెట్లు అందులో చిక్కుకుని రక్తంలో తగ్గుతాయి. అందుకే ఈ లెక్కలో ప్లేట్‌లెట్లకి చోటుంది.

క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి మావయ్య ముందే వేశాను. వయసు 56, ఎస్జీఓటీ 40. ఎస్జీఓటీ, ఎస్జీపీటీ అంటే లివర్ పరీక్షలో చూసే రెండు ఎంజైములు. వయసుని ఎస్జీఓటీతో గుణిస్తే 2240. ప్లేట్‌లెట్లు 1,60,000, అంటే వేలల్లో 160. ఎస్జీపీటీ 36, దాని వర్గమూలం 6. ఈ రెండూ గుణిస్తే 960. ఇప్పుడు 2240ని 960తో భాగించాలి. 2.33 వచ్చింది.

1.3 లోపుంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 65 దాటినవాళ్లకి ఆ గీత 2. మావయ్యది 2.33. రిపోర్టులో ఒక్క అంకె కింద కూడా ఎర్రగీత లేదండీ, అన్నీ నార్మలే! నాకు నిజంగా గుండె జారింది. అయితే ఈ అంకె జబ్బుందని తేల్చదు, తర్వాతి పరీక్షకి పొమ్మంటుంది, అంతే.

ఆ పరీక్ష ఫైబ్రోస్కాన్, లివర్ ఎంత గట్టిపడిందో కొలుస్తుంది. కాకినాడ తీసుకెళ్లాను. మూడు గంటలు ఏమీ తినకుండా ఉండాలి. కుడి డొక్క మీద చిన్న పరికరం పెట్టి తట్టినట్టు చేస్తారు, నొప్పి ఉండదు. ఆ గట్టితనం అంకె (కిలోపాస్కల్స్‌లో) 8 లోపు వస్తే ఊరట, 12 దాటితే మచ్చ ముదిరిందన్న అనుమానం బలపడుతుంది. మావయ్యకి 9.4, రెంటికీ మధ్య. బరువులో పదో వంతు తగ్గితే మచ్చ కూడా వెనక్కి తగ్గొచ్చని డాక్టరుగారు చెప్పారు. ఆ రోజు నుంచి ఆయన పొద్దున్నే కాలవగట్టు మీద నడుస్తున్నారు.

షుగరుంటే, స్కానింగులో ఫ్యాటీ లివర్ అని రాసుంటే, మీ డాక్టరుగారిని ఈ ఒక్క లెక్క అడగండి. జ్వరాల్లో చేయించిన రిపోర్టుతో మాత్రం వేయకండి. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి కాబట్టి లెక్క తప్పుతుంది. 35 లోపు వాళ్లకీ ఇది సరిగా నప్పదు.

మొన్న అత్తయ్య ఫోన్ చేసి తన కాగితాలు చదివి వినిపించింది. తనకీ షుగరే. లివర్ పరీక్ష ఉంది, ప్లేట్‌లెట్లు తెలిసే సీబీపీ లేదు. రేపే రక్తం ఇచ్చి రమ్మన్నాను.