ఇంజిన్ ఎక్కింది, లారీ ఘాట్ ఎక్కలేదు

(విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్‌లు, లారీ ఓనర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, తోటి మేస్త్రీలకు, షెడ్డు షట్టర్ దించేసి వచ్చిన కుర్రాళ్లకు నమస్కారం. మైకు ముందు నాకు కాస్త టెన్షనే. చేతిలో పానా ఉంటే మాట దానంతట అదే వస్తుంది.

మొన్న ఒక ఓనరు వచ్చాడు. "అన్నా, ఇంజిన్ సీజ్ అయింది. అదే కంపెనీది, అన్నే సిలిండర్లది స్క్రాప్‌లో దొరికింది. బీఎస్-4ది. నా బండి బీఎస్-6. కూర్చుంటుంది కదా?" అన్నాడు.

(బీఎస్ అంటే బండి పొగకు ప్రభుత్వం పెట్టిన కాలుష్య పరిమితి. అంకె పెరిగేకొద్దీ కట్టుదిట్టం.) చాలాసార్లు కూర్చుంటుంది. చిక్కంతా అక్కడే. మౌంటింగులు కలుస్తాయి, గేర్‌బాక్సు కలుస్తుంది, క్రేన్ కొక్కెం తీసేసరికి పని అయిపోయిందనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను ఒకసారి.

అది బీఎస్-3 లారీ. ఓనరు బీఎస్-4 ఇంజిన్ తెచ్చాడు, పొగలో కాలుష్యం తగ్గించడానికి యూరియా నీళ్లు కొట్టే రకం. ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, వైరింగ్ వచ్చాయి. యూరియా ట్యాంకు, దాని పంపు, సైలెన్సర్ రాలేదు. "యూరియా పడేది సైలెన్సర్‌లో, ఇంజిన్‌లో కాదు. అది లేకపోతే ఇంజిన్‌కేం నష్టం?" అనుకున్నాను. స్టార్ట్ అయింది, శబ్దం బాగుంది. గుంటూరులో మిర్చి బస్తాలు వేసుకుని బళ్లారి బయల్దేరింది. గిద్దలూరు దాటి నల్లమల ఘాట్‌లో, అర్ధరాత్రి, డ్రైవర్ ఫోను. "గురువుగారూ, ఎంత తొక్కినా లాగట్లేదు." డీజిల్ ఫిల్టర్ చూడమన్నాను, టర్బో హోసు చూడమన్నాను. అన్నీ బాగానే ఉన్నాయి. తెల్లారి స్కానర్ పట్టుకుని వెళ్లి తగిలిస్తే సంగతి బయటపడింది. యూరియా అందడం లేదు, నాక్స్ సెన్సర్ (పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచేది) కనబడటం లేదు అని ఈసీయూ చూసుకుంది, ఊరుకుని ఊరుకుని బలం కోసేసింది. ఇంజిన్‌లో ఏ లోపమూ లేదు, తప్పు నాది. సరుకు వేరే లారీకి మార్చాం, కిరాయి నేనే పెట్టుకున్నాను. తర్వాత ఆ ట్యాంకూ పంపూ సెన్సర్లూ విడివిడిగా వెతికి కొంటే, ఇంజిన్ కొన్న డబ్బుకు దగ్గర దగ్గరగా అయింది.

పాత రోజుల్లో పంపుకు డీజిల్ వస్తే చాలు, బండి నడిచేది. ఇంజిన్ అంటే బ్లాకు, హెడ్డు, పంపు. 2017 ఏప్రిల్ 1న దేశమంతా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాయి. పెద్ద డీజిల్ ఇంజిన్‌కు నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోవాట్ అవర్‌కు 3.5 గ్రాముల నుంచి 0.4కు పడిపోయింది. మంట బాగా వేడెక్కితే ఈ ఆక్సైడ్లు పెరుగుతాయి. చల్లబరిస్తే మసి పెరుగుతుంది. ఒకదాన్ని తొక్కితే ఇంకొకటి లేస్తుంది. అందుకే ఈజీఆర్ పొగను కొంత తిప్పి లోపలికే పంపి మంటను చల్లబరుస్తుంది, డీపీఎఫ్ అనే ఫిల్టర్ మసిని పట్టుకుంటుంది, మిగిలిన ఆక్సైడ్లను యూరియా చూసుకుంటుంది. అంటే ఇప్పటి ఇంజిన్ సైలెన్సర్ తోక దాకా ఉన్నట్టే లెక్క.

బీఎస్-4లోనూ అందరిదీ ఒకే దారి కాదు. కొన్ని ఈజీఆర్‌తో సరిపెట్టాయి, కొన్ని యూరియా పట్టుకున్నాయి. కాబట్టి "బీఎస్-4 ఇంజిన్" అనగానే మీ చేతికి ఏది వస్తుందో చెప్పలేం. (యూరియా అంటే పొలంలో చల్లేది కాదు. 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది శుద్ధమైన నీళ్లు. ఎరువుల బస్తా కోసి మినరల్ వాటర్‌లో కలిపి పోసిన మహానుభావుణ్ణి నేను చూశాను. ఆయన సెన్సర్ ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.)

కొత్తది పాత బండికి ఎక్కిస్తే ఇంకో రెండు చిక్కులు ఉన్నాయి. తిప్పి పంపే పొగను చల్లార్చే ఈజీఆర్ కూలర్ వేడంతా రేడియేటర్ మీదే పడుతుంది. పాత రేడియేటర్ బెజవాడ ఎండలో దానికి సరిపోతుందా? డీపీఎఫ్ మసిని కాల్చుకునేటప్పుడు లోపల 600 డిగ్రీల దాకా పోతుంది. మనం కట్టే బాడీకి చెక్క ఉంటుంది, పక్కనే వైర్లు ఉంటాయి. బాడీ బిల్డర్లు ఇది మర్చిపోవద్దు.

పాతది కొత్త బండికి ఎక్కిస్తే మీటర్ బోర్డు ఇంజిన్ ఈసీయూ మాట కోసం ఎదురుచూస్తుంది. ఏబీఎస్, మీటర్, ఇంజిన్ ఒకే జత వైర్ల మీద మాట్లాడుకుంటాయి. కొత్తగా వచ్చినవాడికి ఆ భాష రాకపోతే బోర్డంతా ఎర్రలైట్లే.

ఇక కాగితాలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. బీఎస్-6 అని రాసిన ఆర్‌సీ మీద బీఎస్-4 ఇంజిన్ నంబరు ఎక్కించడం ఏ ఏజెంటు చెప్పినంత తేలిక కాదు. ఇంజిన్ మార్చితే 14 రోజుల్లో రవాణా ఆఫీసుకు చెప్పాలి. "పొల్యూషన్ పాసవుతుందిలే అన్నా" అంటారు. అవుతుంది. డీజిల్ బండికి అక్కడ చూసేది పొగ చిక్కదనమే, నైట్రోజన్ ఆక్సైడ్లు కాదు. ఆ కాగితం చూసి ధైర్యం తెచ్చుకోకండి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తితే, లేదా ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ వాళ్లు నంబర్లు చూస్తే, అప్పుడు తెలుస్తుంది.

ఈసీయూకు యూరియా ఉన్నట్టు అబద్ధం చెప్పే చిన్న డబ్బాలు మన వీధుల్లోనే అమ్ముతున్నారు. పేర్లు చెప్పను, మీకూ తెలుసు. నా షెడ్డులో అవి బిగించను. ఓనరుకు నాలుగు రూపాయలు మిగులుతాయేమో, రోడ్డు పక్కన టీ కొట్టు వాడు ఆ గాలే పీలుస్తాడు.

ఇప్పుడు నా పద్ధతి చెబుతాను. ముందు రెండు ఆర్‌సీలూ చూస్తాను, ఎక్కే బండిదీ, ఇంజిన్ ఇచ్చే బండిదీ. ఇంజిన్ ఒక్కటే ఇస్తామంటే వద్దంటాను. ఈసీయూ, వైరింగ్, ట్యాంకు, సెన్సర్లు, సైలెన్సర్ అన్నీ ఒకే బండివి, రెండు బండ్లదీ ఒకే బీఎస్ అయితేనే బేరం. దించే ముందు ఎయిర్ ఫిల్టర్ నుంచి తోక దాకా ఫోన్‌లో వీడియో తీస్తాను.

మొన్నటి ఓనరుకు కూడా స్క్రాప్ ఇంజిన్ వద్దన్నాను. ఆయన పాత బ్లాకునే సిలిండర్లు బోరు చేయించడానికి పంపించాం, క్రాంక్ కొత్తది వేస్తున్నాం. పదిరోజులు ఆలస్యమని గొణుగుతున్నాడు. ఇక ప్రశ్నలుంటే అడగండి. ఘాట్ సంగతి మాత్రం నన్ను కాకుండా వెనక వరసలో కూర్చున్న ఆ డ్రైవర్‌నే అడగండి, నాకంటే బాగా చెబుతాడు.