బల్సామిక్ ఉప్పు రివ్యూ: డబ్బా మీద పీపాలు, డబ్బాలో ఏమిటి?

నమస్కారం. నా చేతిలో ఉన్న ఈ బల్సామిక్ (ద్రాక్షరసంతో చేసే ఇటలీ వెనిగర్) పట్టించిన సముద్రపు ఉప్పును తయారీ సంస్థే ఉచితంగా పంపింది. ఈ వీడియో కోసం డబ్బు తీసుకోలేదు. బరువు, ధర పక్కనపెట్టి, వారం రోజులుగా నన్ను వేధిస్తున్న ఒక్క విషయమే చెబుతాను.

డబ్బా మీద అటకలో బారుగా పేర్చిన చెక్క పీపాల బొమ్మ ఉంది. అది ఇటలీలోని మోడెనా సంప్రదాయ బల్సామిక్‌కు చెందిన దృశ్యం. అక్కడ ద్రాక్షరసాన్ని గంటల తరబడి కాచి, పులియనిచ్చి, ఓక్, చెస్ట్‌నట్, చెర్రీ, మల్బరీ, జునిపర్ వంటి చెక్కలతో చేసిన, ఒకదానికంటే ఒకటి చిన్నవైన పీపాల్లో కనీసం 12 ఏళ్లు ఉంచుతారు. ఏటా చిట్టచివరి చిన్న పీపాలోంచి కొద్దిగా తీసి, ఆ వెలితిని దాని పక్కనున్న పెద్ద పీపాలోని రసంతో పూరిస్తారు. అలా వరుసంతా నింపుకుంటూ పోయి, అన్నిటికంటే పెద్దదానిలో కొత్త రసం పోస్తారు. వేసవిలో అటక వేడెక్కినప్పుడల్లా నీరు ఆవిరై రసం చిక్కబడుతుంది. 25 ఏళ్లు దాటినదాన్ని ఎక్స్‌ట్రావెక్యో అంటారు. ఏదైనా సరే, కార్ల డిజైనర్ జోర్జెట్టో జుజారో రూపొందించిన 100 మిల్లీలీటర్ల సీసాలోనే దొరుకుతుంది.

డబ్బా వెనక్కి తిప్పితే మాత్రం రాసి ఉన్నది ఐజీపీ బల్సామిక్, అంటే ప్రాంతీయ గుర్తింపు ఉన్న మామూలు రకం. అందులో వైన్ వెనిగర్ కలుస్తుంది, రంగు కోసం కారమెల్ కలపవచ్చు, 60 రోజులు ఉంచితే చాలు. అది చెడ్డ సరుకేమీ కాదు, సలాడ్‌లో నేనూ వాడతాను. కానీ ఏళ్ల తరబడి నిల్వ ఉంచే పీపాల బొమ్మ వేసి దాన్ని అమ్మడం నాకు సుతరామూ నచ్చలేదు.

ఇక రుచికి వస్తాను. ఒకే టమాటాను రెండుగా కోసి, ఒక చెక్క మీద ఈ ఉప్పు చల్లాను. రెండో చెక్క మీద మామూలు సముద్రపు ఉప్పు రేకులు వేసి, మోడెనా వెళ్లినప్పుడు కొన్న 12 ఏళ్ల సీసాలోంచి రెండు చుక్కలు వేశాను. ఆ చుక్కలు జారిపోకుండా నల్లగా మెరుస్తూ నిలబడ్డాయి; నోట్లో ఎండు ద్రాక్ష తీపి, వెనకే పీపాల కలప వాసన, ఆ తర్వాతే పులుపు. మొదటి చెక్కలో తీపీ పులుపూ ఉన్నాయి, వాసన లేదు. నిరుడు వాడిన పొగపట్టిన ఉప్పు ఇంతకంటే నయం, ఎందుకంటే పొగ పొడిగానే పడుతుంది. వెనిగర్‌ను ఆరబెట్టినప్పుడు నీటితోపాటు పరిమళమూ వెళ్లిపోతుంది. పైగా మూత తీసిన నాలుగో రోజుకే రేకులన్నీ అంటుకుని ముద్దకట్టాయి, చెంచాతో పొడవాల్సి వచ్చింది.

నేనైతే ఇది కొనను. ఆ డబ్బు దాచుకుని, మంచి ఉప్పు రేకులు విడిగా, అసలైన చిన్న సీసా విడిగా కొనుక్కోండి.