ఇసుక రేణువు వెలుగును కొలవాలంటే

విజయనగరం భౌతికశాస్త్ర విద్యార్థులకు, మాస్టార్లకు నమస్కారం.

కళింగపట్నం, భావనపాడు తీరాల్లో నల్ల ఇసుక మీరు చూసే ఉంటారు. అందులో ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలతో పాటు కొద్దిగా జిర్కాన్ ఉంటుంది. 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి పడితే జిర్కాన్ తరచుగా పసుపు రంగులో వెలుగుతుంది. ఇల్మనైట్ వెలగదు. ఈ తేడాతో ఇసుకలో జిర్కాన్ ఎంత శాతం ఉందో అంచనా వేసే పరికరం, కాంతిని మోసే ఫైబర్ల కట్టతో, మన ల్యాబులోనే కట్టుకోవచ్చు.

ద్రవమైతే క్యువెట్‌లో (చిన్న పారదర్శక పాత్రలో) పోసి, కాంతి వెళ్ళే దారికి 90 డిగ్రీల్లో చూస్తాం. ఇసుకలో కాంతి పైపొరల్లోనే ఆగిపోతుంది కాబట్టి పడిన వైపు నుంచే చూడాలి. అప్పుడు ఫ్లోరోసెన్స్ (రేణువు సొంతంగా ఇచ్చే వెలుగు) కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా, వేసిన కాంతే తిరిగొస్తుంది. అందుకే ఫైబర్ల కట్ట కొనను కాస్త వాల్చి, తిరుగుదారిలో లాంగ్‌పాస్ ఫిల్టరు (పొడవు తరంగాలనే పోనిచ్చేది) పెట్టాలి.

కట్టలో మధ్యన వెలుగును అందుకునే ఫైబర్ ఒకటి, చుట్టూ కాంతి పంపేవి ఆరు. రెండు పనులూ ఒకే ఫైబర్‌తో చేయిస్తే దాని సొంత వెలుగు కూడా కలుస్తుంది. కొన దగ్గర ఫైబర్లను అతికించే ఎపాక్సీ జిగురు కూడా వెలుగుతుంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. ప్లాస్టిక్ ఫైబర్ ఈ కాంతికి పనికిరాదు. అతినీలలోహిత కాంతికి తట్టుకునే సిలికా ఫైబర్‌నే తీసుకోండి, మామూలు సిలికా క్రమంగా మసకబారుతుంది.

అన్నిటికన్నా కొనకూ ఇసుకకూ మధ్య దూరం ముఖ్యం. ఫైబర్ న్యూమరికల్ ఎపర్చర్ (కాంతి ఎంత కోణంలో విస్తరిస్తుందో చెప్పే సంఖ్య) 0.22 అయితే కాంతి అక్షం నుంచి 12.7 డిగ్రీల మేర విస్తరిస్తుంది. కొన ఇసుకకు ఆనితే పంపే శంకువు, అందుకునే శంకువు దాదాపు కలవవు. దూరం పెంచుతుంటే సిగ్నల్ పెరిగి, ఒకచోట గరిష్ఠానికి చేరి, తగ్గుతుంది. ఆ గరిష్ఠం దగ్గరే కొనను బిగించండి. అక్కడైతే ఇసుక మట్టం కొంచెం అటూఇటూ అయినా రీడింగు పెద్దగా మారదు. నా మటుకు ఖరీదైన స్పెక్ట్రోమీటర్ కన్నా ఈ ఒక్క సర్దుబాటుకే ఎక్కువ విలువ ఇస్తాను.

ఇంకో చిక్కుంది. ఇల్మనైట్ ఎక్కువున్న ఇసుకలో జిర్కాన్ అంతే ఉన్నా తక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే నల్ల రేణువులు కాంతిని పీల్చేస్తాయి. తిరిగొచ్చిన 254 నానోమీటర్ల కాంతిని కూడా కొలిచి సవరించండి. పాత్రను మెల్లగా తిప్పుతూ సగటు తీయండి. జిర్కాన్ పాళ్ళు మీరే కలిపిన ఇసుకలతో క్యాలిబ్రేట్ చేయండి, ప్రతి తీరానికీ విడిగా. అతినీలలోహిత కాంతిని ఆపే కళ్ళద్దాలు లేకుండా దీపం వేయకండి.