నియమగిరి పెద్దల దగ్గరి చదువు

సభలోని పెద్దలకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు మాట్లాడమని పిలిచినప్పుడు, ఎక్కడో ఉన్న సంగతి తెచ్చి చెప్పడం కన్నా మన ఏటి సంగతి చెప్పడమే మంచిదనిపించింది. వంశధార గొట్టా బ్యారేజీ దగ్గర మన పొలాలకు మళ్లి, మిగిలిన నీరు కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుందని మీకు తెలుసు. ఆ ఏరు పుట్టింది ఒడిశాలో, రాయగడ, కలహండి జిల్లాల నడుమ ఉన్న నియమగిరి కొండల వైపున. మన వరిచేలకు వచ్చే నీటిలో కొంత ఆ కొండలు వానాకాలంలో తాగి, ఏడాది పొడుగునా ఊటలుగా వదిలిన నీరే. ఆ కొండల్ని కాపాడుకున్న డోంగ్రియా కోందుల గురించి, అందులోనూ వారి పెద్దలు పిల్లలకు చదువు చెప్పిన తీరు గురించి ఈ రోజు మాట్లాడతాను.

డోంగ్రియా కోందులు ఎనిమిది వేలకు కాస్త పైగా ఉంటారు. వారు మాట్లాడేది కువి. గోండి, కొండ, కుయి, కువి భాషలను తెలుగుతో కలిపి ఒకే ఉపకుటుంబంగా నిరూపించినవారు మన భద్రిరాజు కృష్ణమూర్తి గారు. అంటే, కన్నడ తమిళాల కన్నా కువి మనకు దగ్గరి చుట్టం. పార్వతీపురం మన్యంలోని జాతాపులు కూడా కోందుల శాఖేనని చెబుతారు. భూగర్భ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల రాతికి ఖోండలైట్ అని పేరు పెట్టింది ఈ కోందుల పేరు మీదనే. విశాఖ చుట్టూ ఉన్న కొండల్లో కనిపించేది ఆ రాయే. వారి పేరు మన కాళ్ల కింది రాతిలో ఉండగా వారిని పరాయివాళ్లుగా చూడడం నాకు చేత కాదు.

ఇక చదువు సంగతి. నియమగిరి ఊళ్లలో పిల్లవాడు తాత వెంట పోడుకు వెళ్తాడు. ఒకే చెక్కలో చోళ్లు, సామలు, కొర్రలు, కందులు కలిపి చల్లుతారు. ఏ గింజ ముందు పండుతుందో, ఏది వాన లేకపోయినా నిలుస్తుందో, ఏ వాలు మీద చెట్టు నరకకూడదో ఆ నడకలోనే తెలుస్తుంది. పసుపు, అల్లం, అనాస ఏ గెడ్డ (కొండవాగు) పక్కన బాగా వస్తాయో పెద్దలు చెబుతారు. జీలుగు చెట్టు ఎవరిదో, దాని కల్లు ఎవరెవరు పంచుకోవాలో చెబుతారు. ఆడపిల్లలు రాత్రిళ్లు కలిసి ఉండే ఇంటిని అదస్‌బెట్టా అంటారు; పాటలు, పూజల మర్యాద, కప్డాగండా అనే శాలువా మీద కుట్టుపని అక్కడ పెద్దవాళ్ల దగ్గర నేర్చుకుంటారు. కొండల ఆకారాన్ని తలపించే ఆ కుట్టుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. వీటన్నిటికీ మూలంలో ఒక మాట ఉంది: కొండ నియమరాజు అనే దేవుడిది, మనం ఆయన సంతానం, కొండ నెత్తి మీద గొడ్డలి పెట్టకూడదు. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసేవారు ఒక్కసారి ఆ కొండల నెత్తిన ఏముందో చూడాలి. అక్కడ ఉన్నది బాక్సైటు పొర. సన్నటి రంధ్రాలున్న ఆ పొర వాననీటిని పీల్చుకుని ఎండాకాలమంతా కొంచెం కొంచెంగా కిందికి వదులుతుంది. నెత్తిని ముట్టవద్దన్న కట్టుబాటు నీటిని కాపాడే కట్టుబాటు కూడా అయింది. పెద్దలు దాన్ని శాస్త్ర పరిభాషలో చెప్పలేదు కాని, తరం తరువాత తరం పాటించేటట్టు చెప్పారు.

ఆ బాక్సైటు కోసమే గొడవ వచ్చింది. సుమారు ఏడు కోట్ల టన్నుల నిల్వను తవ్వి, కొండ కిందనే లాంజిగఢ్‌లో కట్టిన వేదాంత కంపెనీ శుద్ధి కర్మాగారానికి పంపాలన్నది ప్రణాళిక. గనికి అనుమతి రాకముందే కర్మాగారం కట్టేశారు. కట్టిన తరువాత, ఇంత డబ్బు పెట్టాం కాబట్టి కొండ ఇవ్వక తప్పదన్న వాదం మొదలైంది. ఇలాంటి వాదం మన దగ్గరా విన్నాం. ఇక్కడ మాత్రం ఎదురు నిలిచినవారు కోర్టు కాగితాలు చదవలేని ముసలివారు, వారి వెనుక నడిచిన కుర్రవాళ్లు. ఊరూరా తిరిగి, జన్నోళ్లను (ఊరి పూజారులను), పెద్దలను, ఆడవాళ్లను కూర్చోబెట్టి నియమగిరి సురక్షా సమితి చేసిన పనిలో ఉద్యమం ఎక్కడ ఆగి చదువు ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. సమితి నాయకుడు లదో సికాకను 2010 ఆగస్టులో దారి కాచి పట్టుకెళ్లి కొట్టారని మానవ హక్కుల సంస్థలు నమోదు చేశాయి. ఆయన తిరిగి వచ్చి మళ్లీ ఊళ్లు తిరిగారు. అదే నెలలో, ఎన్.సి. సక్సేనా కమిటీ నివేదిక అందిన తరువాత, కేంద్ర పర్యావరణ శాఖ గనికి అటవీ అనుమతి నిరాకరించింది.

వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2013 ఏప్రిల్ 18న కోర్టు ఇచ్చిన తీర్పును మీలో న్యాయశాస్త్రం చదివేవారు తప్పక చదవాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టాన్ని ఆధారం చేసుకుని, ఆ కొండ మీద వారికి ఉన్న మత, సాంస్కృతిక హక్కులను గని దెబ్బ తీస్తుందో లేదో గ్రామసభలే పరిశీలించి తేల్చాలని, ఆ సభలను జిల్లా న్యాయమూర్తి హోదా గలవారు పర్యవేక్షించాలని కోర్టు చెప్పింది. అప్పటికి మన వైపున 1997 నాటి సమత తీర్పు ఉంది. బొర్రా గుహల పరిసరాల గనుల కేసులో షెడ్యూల్డు ప్రాంతపు భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వరాదన్న తీర్పు అది. ఆదివాసీ భూమి గురించి మన నేల మీద మొదలైన న్యాయ చర్చను నియమగిరి మరో మెట్టు ఎక్కించిందని నా అభిప్రాయం. సమత తీర్పు భూమి ఎవరి చేతికి పోకూడదో చెప్పింది. నియమగిరి తీర్పు ఆ నేల మీది మనిషిని, నీ దేవుడు ఎక్కడ ఉంటాడని అడిగి, జవాబు రాసుకోమంది.

నూరుకు పైగా ఊళ్లుండగా ఒడిశా ప్రభుత్వం పన్నెండింటినే ఎంపిక చేసింది. 2013 జూలై 18న సెర్కపాడిలో మొదలై ఆగస్టు 19న జరపాలో ముగిసిన ఆ సభల్లో కొన్నిచోట్ల ఓటర్లు నలభై మంది కూడా లేరు. చుట్టూ సాయుధ పోలీసులు, ఎదురుగా న్యాయమూర్తి, పక్కన కువి మాటను ఒడియాలోకి మార్చి చెప్పేవారు. అధికారులు ముందుగానే కొన్ని చోట్ల పూజాస్థలమని చిన్న చిన్న ముక్కలు కొలిచి పెట్టారు. గుడికి ఇంత, పోడుకు ఇంత, మిగిలిన కొండ ఖాళీ అన్నట్టు. పెద్దలు ఆ కొలతను ఒప్పుకోలేదు. నియమరాజు ఒక రాతిలోనో ఒక మానులోనో కూర్చుని లేడని, ఊటలన్నీ, గెడ్డలన్నీ, ఆకు, దుంప, గాలి కలిసి ఆయన ఇల్లని, ఆ ఇంటికి ఎకరాల లెక్క కట్టలేమని వారు చెప్పిన మాటల సారాంశం. ఒక్కొక్కరూ లేచి గెడ్డల పేర్లు చెప్పారు, కొండల పేర్లు చెప్పారు, ఎక్కడ ఏం పండుతుందో చెప్పారు. చిన్నప్పుడు తాత వెంట నడిచి నేర్చుకున్న ఆ పాఠమే ఆ రోజు సాక్ష్యమైంది. పన్నెండు సభలూ గనిని తిరస్కరించాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతిని తుదిగా నిరాకరించింది. సభలు మళ్లీ జరపాలన్న ఒడిశా ప్రభుత్వ గనుల సంస్థ కోరికను 2016లో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

ఆ సభల్లో కుర్రవాళ్ల పాత్ర గురించి ఒక మాట చెప్పాలి. కొండ తెలిసినవారు పెద్దలు. ఒడియా, కాగితం, ఫోను తెలిసినవారు పిల్లలు. ఎవరికి తెలిసింది వారు రెండోవారికి ఇచ్చారు. ఆశ్రమ పాఠశాలలు పెట్టడం మంచిదే, నేను బడికి వ్యతిరేకిని కాను. కాని ఆరేళ్ల పిల్లవాణ్ని తీసుకెళ్లి, పోడు కొట్టే కాలంలోనూ విత్తే కాలంలోనూ కొండకు దూరంగా ఉంచి, తల్లిభాషను వెనుకబాటుతనంగా చూపే బడి ఆ పిల్లవాడి మొదటి చదువును చెరిపేస్తుంది. కువిలో అక్షరాలు దిద్దించి, ఊరి పెద్దను వారానికి ఒక పూటైనా తరగతికి పిలిచే బడి పెట్టలేమా? ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న మీలో కొందరు మన మన్యంలోనే జాతాపు, సవర పిల్లలకు ఇది చేసి చూడవచ్చు.

గెలుపు తరువాత శాంతి వచ్చిందని చెబితే అది అబద్ధం అవుతుంది. 2017లో కేంద్ర హోం శాఖ వార్షిక నివేదిక సమితికి మావోయిస్టులతో సంబంధం ఉందని రాసింది. సమితి దాన్ని ఖండించింది. అదే ఏడాది ఇరవై ఏళ్ల ఒక డోంగ్రియా యువతిని భద్రతా దళాలు ఇంటి నుంచి పట్టుకెళ్లాయి. ఇటీవల పొరుగున ఉన్న సిజిమాలి కొండల బాక్సైటును 2023లో వేలం ద్వారా వేదాంతకు కేటాయించారు. అక్కడి గ్రామసభలు ఒప్పుకున్నాయని చూపుతున్న తీర్మానాలు నకిలీవని ఆ ఊళ్లవారు చెబుతున్నారు. నియమగిరి సభల్లో న్యాయమూర్తి కూర్చున్నారు కాబట్టి ఎవరు ఏమన్నారో రికార్డయింది. సిజిమాలిలో అలాంటి ఏర్పాటు లేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే తేడా ఇదే. 2023 ఆగస్టులో నియమగిరి సమితి వారి మీద కూడా ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టం కింద కేసు పెట్టి, విమర్శలు రాగా ఆ సెక్షన్లను తొలగించారు.

అయినా ఏటా ఫిబ్రవరిలో నియమగిరి నెత్తి మీద నియమరాజు పండుగ జరుగుతోంది. చుట్టుపక్కల ఊళ్లవారు బియ్యం మూటలు, డోళ్లు మోసుకుని నిలువు దారిన ఎక్కుతారు. 2013లో తల్లి వీపున ఉన్న పిల్లలు ఇప్పుడు ఆ మూటలు మోసే వయసుకు వచ్చారు.