ఎవరూ అనని మాటలు

హోస్ట్: గంట రికార్డింగ్ టైప్ చేయాలంటే ఇదివరకు పూటంతా పోయేది. ఇప్పుడు ఫైల్ పడేస్తే నిమిషాల్లో టెక్స్ట్ చేతికొస్తోంది. ఇంకేం కావాలండీ?

గెస్ట్: అక్కడే ఉంది చిక్కు. పాత సాఫ్ట్‌వేర్ తప్పు రాస్తే వాక్యానికి తలాతోకా ఉండేది కాదు, చూడగానే దొరికిపోయేది. ఇప్పటివి తప్పు కూడా శుభ్రంగా రాస్తాయి. చదివేవాళ్లకు అనుమానమే రాదు.

హోస్ట్: అదెలా?

గెస్ట్: మాటల్ని రాతగా మార్చే విస్పర్‌ అనే సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. 2022 సెప్టెంబర్‌లో ఓపెన్‌ఏఐ విడుదల చేసింది. ఇంటర్నెట్‌లో దొరికిన 6,80,000 గంటల ఆడియో, దానికి జతగా ఉన్న రాతలు, వీటితో దానికి శిక్షణ ఇచ్చారు. ఆడియోను 30 సెకన్ల ముక్కలుగా తీసుకుని, ఈ శబ్దానికి తర్వాత ఏ మాట రావచ్చో లెక్కేసుకుంటూ రాస్తుంది. వినికిడికి ఊహ తోడవుతుందన్నమాట. శబ్దం మసకబారేకొద్దీ ఊహ పాలు పెరుగుతుంది.

హోస్ట్: మరి ఎవరూ మాట్లాడకపోతే?

గెస్ట్: ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేని చోట ఒక్కోసారి "చూసినందుకు ధన్యవాదాలు" అని రాసేస్తుంది!

హోస్ట్: (నవ్వుతూ) ఎవరికట?

గెస్ట్: వీడియోల చివర ఉండే మాటలవి. లేదంటే ఒకే వాక్యాన్ని పట్టుకుని మళ్లీ మళ్లీ రాస్తూ పోతుంది. ఇవి నయం, కంటికి కనబడతాయి. కార్నెల్ తదితర యూనివర్సిటీల పరిశోధకులు 2024లో ఓ అధ్యయనం వెలువరించారు. వాళ్లు పరీక్షించిన ఆడియో ముక్కల్లో సుమారు 1 శాతంలో ఎవరూ అనని వాక్యాలు కనిపించాయి. అఫేజియా, అంటే మెదడు దెబ్బతినడంతో వచ్చే మాటల ఇబ్బంది, దాని వల్ల మాట తడబడుతూ, మధ్యమధ్య ఆగే వాళ్ల రికార్డింగుల్లో ఆ బెడద ఇంకాస్త ఎక్కువ.

హోస్ట్: 1 శాతమే కదా...

గెస్ట్: ఏ 1 శాతమో అది చెప్పదుగా! డాక్టర్ మాటల్లో పడిందనుకోండి?

హోస్ట్: అమ్మో. అయితే మొత్తం మళ్లీ వినాల్సిందేనా?

గెస్ట్: వైద్యం, కోర్టు వ్యవహారం అయితే వినాల్సిందే, వేరే దారి లేదు. మామూలు ఇంటర్వ్యూకి అంత అక్కర్లేదు. పేర్లు, అంకెలు, కాదు-లేదు-వద్దు వచ్చే చోట్లు వింటే చాలావరకు సరిపోతుంది. మన భాషలో ఔనో కాదో తేలేది వాక్యం చివర. సరిగ్గా అక్కడే గొంతు దిగిపోతుంది. "వెళ్లొద్దన్నాను" అన్నది "వెళ్లొచ్చన్నాను" అయిందంటే ఏ స్పెల్‌చెక్కూ పట్టుకోలేదు.

హోస్ట్: రికార్డింగ్ అప్పుడే ఏమైనా జాగ్రత్త పడొచ్చా?

గెస్ట్: మైకు నోటికి దగ్గరగా పెట్టండి, సగం పని అయినట్టే. ఇద్దరుంటే ఇద్దరికీ విడివిడి ట్రాకులు. విస్పర్ తనంతట తాను ఎవరి మాట ఏదో విడదీయదు, దానికి వేరే టూల్ జోడించాలి. నిశ్శబ్దాన్ని ముందే కత్తిరించే వీఏడీ ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. వచ్చే పేర్లను ప్రాంప్ట్‌లో, అంటే దానికి ముందుగా ఇచ్చే సూచనలో, రాసిస్తే స్పెల్లింగులు కొంత కుదురుతాయి.

హోస్ట్: బయటపెట్టకూడని సంభాషణ అయితే?

గెస్ట్: విస్పర్ ఓపెన్ సోర్స్ కదా, ఎవరైనా దింపుకుని వాడుకోవచ్చు. దాన్ని సొంత కంప్యూటర్‌లో నడిపే విస్పర్ డాట్ సీపీపీ లాంటి ప్రోగ్రామ్ వేసుకుంటే నెట్ లేకుండా మీ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. విస్పర్‌లో చిన్నా పెద్దా మోడళ్లుంటాయి, పెద్దదైతే నెమ్మదే, రాత్రి పెట్టి పడుకోండి. ఒరిజినల్ ఆడియో మాత్రం డిలీట్ చేయకండి. రేపు ఎవరైనా "నేనలా అనలేదు" అంటే తేల్చుకోవడానికి అదొక్కటే ఉంటుంది.