హైదరాబాద్ నుంచి దుబాయ్: దూరం ఒకటే, టైం ఎందుకు వేరు?

[తెర మీద రెండు టికెట్లు పక్కపక్కన]

నమస్తే అండి. ఉదాహరణకి ఈ రెండు టికెట్లు చూడండి. మొదటిది హైదరాబాద్‌లో ఉదయం 10 గంటలకు లేచి, దుబాయ్‌లో మధ్యాహ్నం 12:30కి దిగుతుంది. రెండోది తిరుగు టికెట్. రాత్రి 10కి అక్కడ లేస్తే తెల్లవారుజామున 3కి శంషాబాద్‌లో దిగుతుంది. పోవడానికి రెండున్నర గంటలు, రావడానికి ఐదు అనిపిస్తుంది కదా? అసలు లెక్క దీనికి తలకిందులుగా ఉంటుంది.

టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తారు. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక నడుస్తుంది. అది సరిచేస్తే పోయేటప్పుడు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర.

[మ్యాప్: ముంబై వైపుగా అరేబియా సముద్రం దాటి, ఒమన్ మీదుగా గీత]

సూటిగా కొలిస్తే దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. ఎటు పోయినా అంతే. మరి ఆ అరగంట ఏమైంది? గాలి!

విమానం గాలిలో గంటకు దాదాపు 840 కిలోమీటర్ల వేగంతో పోతుంది. కానీ ఆ గాలే కదులుతూ ఉంటుంది. చలికాలంలో పైన గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. అది గంటకు 80 కిలోమీటర్లు ఉందనుకోండి. దుబాయ్ పోయేటప్పుడు ఎదురుగాలి, నేల మీద లెక్కకు వేగం 760కి పడిపోతుంది. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది, 920 అవుతుంది. భాగించి చూడండి, తేడా 35 నిమిషాలు తేలుతుంది. రన్‌వే దాకా పోవడం, పైకెక్కడం, దిగడం వీటికి రెండువైపులా ఇంకొంత కలుస్తుంది.

వానాకాలంలో కథ మారుతుంది. దక్షిణ భారతం పైన, చాలా ఎత్తులో, గాలి తూర్పు నుంచి పడమరకు తిరుగుతుంది. దీన్ని ఈస్టర్లీ జెట్ అంటారు. దాని గురించి 1958లో ప్రపంచానికి వివరంగా రాసినవాడు నెల్లూరులో పుట్టిన వాతావరణ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం గారు. ఈ మాట చెప్పకుండా ముందుకు పోబుద్ధి కాలేదు. ఆ నెలల్లో రానుపోను టైముల మధ్య తేడా తగ్గుతుంది.

[తెర మీద రెండు గడియారాలు]

ఇదంతా ఎందుకంటే, జగిత్యాలలోనో నిజామాబాద్‌లోనో ఒక ఇల్లు ఎదురుచూస్తూ ఉంటుంది. రెండేళ్లకు వస్తున్న మనిషి బయట ఒక్కడే నిలబడకూడదు. మన రెండో టికెట్టే తీసుకోండి. 3కి దిగి, ఇమిగ్రేషన్, లగేజీ అయ్యేసరికి 4 అవుతుంది. జగిత్యాల నుంచి శంషాబాద్‌కి నాలుగున్నర గంటలు వేసుకున్నా, కారు రాత్రి 11కి బయల్దేరాలి. అప్పుడు దుబాయ్‌లో 9:30. ఆయన విమానం ఇంకా నేల మీదే ఉంటుంది.